మూడు ఊళ్ళు, ఆరు తీగెలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అనగానే మనవాళ్ళకు తోచే సంగతులు వేరే ఉన్నాయి. జగిత్యాల అంటే ఒక పక్క కొండగట్టు అంజన్న, ఇంకొక పక్క ధర్మపురి నరసింహస్వామి. కోరుట్ల అంటే పసుపు, బీడీలు, దుబాయి. సిరిసిల్ల అంటే సాంచెల చప్పుడు. దాని పక్కనే వేములవాడ రాజన్న. ఈ దారిన పోయేవారిలో మొక్కులు తీర్చుకునేవారే ఎక్కువ. మొన్న మాఘమాసంలో నేనూ, మా అక్క కొడుకూ ఈ మూడు ఊళ్ళూ తిరిగింది మాత్రం ఒక గిటారు కోసం. కొనడానికైతే ఇంత తిరుగుడెందుకు? మేము తిరిగింది చేయడానికి. ‘మేము’ అంటున్నాను గాని చేసేవాడు వాడే. నేను సంచీ మోసేవాణ్ణి, మధ్యమధ్య అడ్డు ప్రశ్నలు వేసేవాణ్ణి.

అందులోనూ అది మామూలు గిటారు కాదు, కరెంటు గిటారు.

వాడికి ఇరవై రెండేళ్ళు. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకున్నాడు. వాళ్ళ బాపు, అంటే మా బావ, మస్కటులో పద్దెనిమిదేళ్ళు పనిచేసి మూడేళ్ళ కిందట తిరిగివచ్చాడు. ఇప్పుడు కొడుకు వంతు. పాస్‌పోర్టు వచ్చింది, ఏజెంటుకు కొంత డబ్బు ముట్టింది, వీసా ఒక్కటే రావాలి. కోరుట్ల చుట్టుపట్ల ‘వీసా రావాలె’ అని ఎదురుచూసే పిల్లలు వాడకు ఇద్దరైనా ఉంటారు. క్యారంబోర్డు దగ్గర కొందరు, హోటలు బల్లల మీద కొందరు. వీడు ఆ ఎదురుచూపు కాలంలో గిటారు మొదలుపెట్టాడు. వీసా ముందు వస్తుందా, గిటారు ముందు పలుకుతుందా అన్నట్టుగా పడింది పందెం.

మొదటి మజిలీ జగిత్యాల. అక్కడ పాత ఇళ్ళు కూలగొట్టిన కలప అమ్మే అడితి ఒకటి ఉన్నది. దర్వాజలు, కిటికీలు, దూలాలు, దంతెలు గోడకు చేరగిలబడి ఉన్నాయి. ఒక్కొక్క దర్వాజకు పసుపు, కుంకుమ బొట్లు ఇంకా అంటుకొనే ఉన్నాయి. గల్ఫు డబ్బుతో స్లాబు ఇళ్ళు లేచినకొద్దీ పాత మట్టిగోడల ఇళ్ళ టేకు అంతా ఇలాంటి చోటికి చేరుతున్నది. మావాడు దూలాల దగ్గరికి పోయి వేళ్ళ కణుపులతో ఒక్కొక్కదాన్నీ కొట్టి విన్నాడు. కొన్ని ‘బొద్’ మన్నాయి, ఒకటి ‘కంగు’ మన్నది. దాన్ని పట్టుకున్నాడు. కొత్త టేకు ఎంత మంచిదైనా తడి ఆరదట, ఆరినకొద్దీ వంకరపోతుందట. ఇంటి కప్పు కింద ఏళ్ళతరబడి పొగచూరి ఎండిన దూలానికి ఇక వంగవలసిన అవసరమేమీ మిగలదు.

“ఏం జేస్తవ్ బిడ్డా గీ ముక్కతోని? పీటనా?” అన్నాడు అడితి ముసలాయన.

“గిటార్ జేస్త తాతా.”

“గిటారంటే లోపల బోలు ఉండాలె గద?”

ముసలాయన అడిగింది నాకూ ఉన్న సందేహమే. మన వీణకు కుండ ఉన్నది, తంబురకు బుర్ర ఉన్నది. బొబ్బిలి వీణ చేసేవారు ఒకే పనస మొద్దును తొలిచి కుండ తీస్తారు. ఆ బోలులోనే కదా నాదం పుడుతుంది! కరెంటు గిటారుకు ఆ బోలు అక్కరలేదట. తీగె కదలికను గాలి కాదు, అయస్కాంతం అందుకుంటుంది. బోలు ఉంటే పైగా చిక్కు; స్పీకరు మోత మళ్ళీ ఆ బోలులో దూరి గీ పెడుతుంది. అందుకనే అమెరికాలో లియో ఫెండరు అనే రేడియోలు బాగుచేసే మనిషి 1950లో నిండు చెక్కతో గిటారు చేసి సంతలో పెట్టాడు. విడ్డూరమేమంటే ఆయనకు గిటారు వాయించడం రాదు. అయినా ఆయన గీసిన రూపమే ఇవాళ్టికీ లోకమంతా చెల్లుతున్నది.

దూలాన్ని రెండు పలకలుగా కోయించాలి. కోతమిషను ఆయన దూలాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కోయను పొమ్మన్నాడు. పాత కలపలో ఎక్కడో మేకు విరిగి ఉంటుంది, రంపం పళ్ళు పోతాయి. మావాడు జేబులోంచి చిటికెనవేలి గోరంత అయస్కాంతం తీశాడు. గిటారులో పెట్టడానికని పోస్టులో తెప్పించుకున్నది. అల్యూమినియం, నికెలు, కోబాల్టు కలిపిన లోహం. దాన్ని దారానికి కట్టి దూలం వెంబడి మెల్లగా నడిపించాడు. రెండు చోట్ల దారం పక్కకు వంగింది. అక్కడ ఉలితో తవ్వితే తుప్పుపట్టిన చేతిమేకులు రెండు బయటపడ్డాయి. కోతమిషను ఆయన మాట్లాడక స్విచ్చి వేశాడు.

కోత అయ్యేలోగా ఖిల్లా చూసి వచ్చాం. 1747లో కట్టినది, నక్షత్రం ఆకారంలో కోణాలు కోణాలుగా, చుట్టూ కందకంతో, మన కోటల పోలిక లేకుండా ఉంటుంది. ఫ్రెంచి ఇంజనీర్లు కట్టారనీ, వాళ్ళ పేర్లు జాక్, టాల్ అనీ, ఆ రెండూ కలిసి జగిత్యాల అయిందనీ ఊళ్ళో చెబుతారు. తెలుగు పాఠాలు చెప్పుకునే నాలాంటివాడికి ఈ వ్యుత్పత్తి అంత సులభంగా మింగుడు పడదు. కాని పైనుంచి గీసిన పటం చూసి మన మేస్త్రీలే రాయి మీద రాయి పేర్చి ఉంటారు గదా అని మాత్రం అనిపించింది. మా అల్లుడి సంచీలోనూ అలాంటి పటమే ఒకటి ఉన్నది: గిటారు నిలువు కొలతలు, అడ్డం కొలతలు, అన్నీ మిల్లీమీటర్లలో.

తిరుగు దారిలో వాడు బ్రయన్ మే కథ చెప్పాడు. ఇంగ్లండులో క్వీన్ అనే పాటల బృందంలో గిటారు వాయించిన ఆయన. 1963లో పదహారేళ్ళ పిల్లవాడు. మంచి గిటారు కొనే స్తోమత లేదు. తండ్రి ఎలక్ట్రానిక్సు ఇంజనీరు. తండ్రీ కొడుకూ ఇంట్లోనే గిటారు చేయడానికి పూనుకున్నారు. మెడకు ఎవరి ఇంట్లోనో పీకేసిన పాత పొయ్యిగూటి చెక్క. అందులోని పురుగు తొలిచిన బెజ్జాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. పాత మోటారుసైకిలు స్ప్రింగులు, అమ్మ కుట్టుపెట్టెలోంచి ముత్యపుచిప్ప గుండీలు, స్వెట్టర్లు అల్లే సూది మొన. రెండేళ్ళు పట్టింది. ఆ గిటారుతోనే ఆయన జీవితమంతా వాయించాడు. 2002లో లండను రాజభవనం కప్పు మీద నిలబడి వాయించిందీ దానితోనే. తరవాత 2007లో ఖగోళశాస్త్రంలో డాక్టరేటు కూడా పుచ్చుకున్నాడు.

“వాళ్ళ బాపు గూడ కూసొని జేసిండు మామా,” అన్నాడు వాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ. నేనేమీ అనలేదు. మా బావ సంగతి నాకు తెలుసు.

జగిత్యాల నుంచి కోరుట్ల పాతిక కిలోమీటర్లు. పసుపు ఉడకబెట్టే రోజులు. దారి పొడుగునా కల్లాల్లో ఆరబోసిన పసుపు కొమ్ములు; బస్సులో కూర్చున్నా ఆ వాసన ముక్కుకు తగులుతూనే ఉన్నది. మా అక్క ఇంటి మేడ మీద రేకుల షెడ్డు ఉన్నది. అదే వాడి కార్ఖానా. ఒక బల్ల, రెండు రంపాలు, ఒక రంద, బర్మా, ఆకురాళ్ళు, ఉప్పుకాగితం. కింద వరండాలో మా అక్క చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతూ కూర్చుంటుంది. ఇంట్లో దుబాయి డబ్బు వచ్చిన రోజుల్లోనూ ఆమె ఆ చాట విడిచిపెట్టలేదు.

గిటారు మెడ మీద వేళ్ళు నడిచే పట్టీకి నల్లని, గట్టి కర్ర కావాలి. విదేశాల్లో ఎబొనీ అనే కర్ర వాడతారు. మావాడు ఆ కర్ర ఖరీదు చూసి, దాని వంశవృక్షం చూశాడు. చూస్తే ఆ ఎబొనీకి దాయాది మన తునికి చెట్టే! ఆకు బీడీకి, పండు పిల్లలకు, ముదురు చెట్టు నడుమ నల్లచేవ ఇనుములాంటిది. పక్క వాడలో ఒక ముసలి వడ్లాయన నాగలికి పనికివస్తుందని అటక మీద ఏనాడో దాచిన ముక్క దొరికింది.

“గిదేం కట్టెరా?” అన్నది మా అక్క.

“తునికి కట్టె అమ్మా. నీ ఆకు చెట్టే.”

ఆమె కత్తెర పక్కన పెట్టి, ఆ ముక్కను చేతిలోకి తీసుకొని, తిప్పి చూసింది. నలభై ఏళ్ళ నుంచి ఆ చెట్టు ఆకును కత్తిరిస్తున్నది గాని కట్టె నలుపు చూడడం అదే మొదలు. “ఇంత నల్లగుంటదా!” అని మళ్ళీ ఇచ్చేసింది.

ఇక మెట్ల లెక్క. వాడు ‘ఫ్రెట్లు’ అంటాడు, నేను ‘మెట్లు’ అంటాను. ఈ మాట నేను పుస్తకంలోంచి తీసింది కాదు. పన్నెండు మెట్ల కిన్నెర అని పాలమూరు వైపు వాద్యం ఒకటి ఉన్నది. దాన్ని వాయించే దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. వెదురు బొంగు, ఎండిన సొరబుర్రలు, మెట్లు నిలబెట్టడానికి తేనెమైనం. దుకాణంలో కొన్నది దాదాపు ఏమీ ఉండదు. తంజావూరు నేలిన రఘునాథ నాయకుని పేర వాడుకలోకి వచ్చిన వీణకు ఇరవైనాలుగు మెట్లు. అవి కూడా మైనంలోనే నిలుస్తాయి. వీణ మేళం కట్టే పనివాడు తీగె మీటుతూ, చెవి ఒప్పుకునేదాకా మెట్టును జరుపుతూ పోతాడు. మైనం మెత్తనిది గనుక తప్పు పోతే దిద్దుకోవచ్చు.

గిటారుకు ఆ వెసులుబాటు లేదు. కర్రలో గాడి కోసి, లోహపు మెట్టు సుత్తితో దిగగొట్టవలసిందే. దిగిందంటే దిగినట్టే. కాబట్టి చెవి కన్న ముందు లెక్క కావాలి. తీగె నిడివి 647.7 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం 36.35 వస్తుంది. మిగిలిన తీగెను మళ్ళీ అదే అంకెతో భాగిస్తే రెండవ మెట్టు 34.31, అలాగే మూడవది 32.39. ఇలా తగ్గుతూ తగ్గుతూ పన్నెండవ మెట్టు సరిగ్గా తీగె నడిమధ్యకు వచ్చి పడుతుంది. అక్కడ పై స్థాయి షడ్జమం. కిన్నెరకు పన్నెండు మెట్లెందుకో, గిటారుకు పన్నెండింటికి ఒక ఆవృత్తి ఎందుకో ఎవరి లెక్క వారిదే గాని, ఆ అంకె చూసి నాకు మాత్రం సంతోషమైంది.

గాడి వెడల్పు అర మిల్లీమీటరు చిల్లర. అంత సన్నని రంపం కోరుట్లలో దొరకదు. ఇనుము కోసే రంపం బ్లేడును సానరాయికి రెండు పక్కలా అరగదీసి, తానే చేసుకున్నాడు. ఇరవైరెండు గాళ్ళకు రెండు రోజులు పట్టింది. ఒక్కొక్క గాడి కోసే ముందు వాడు ఊపిరి బిగపట్టడం చూసి నేను కూడా బిగపట్టాను.

చిక్కు వచ్చింది మెడ దగ్గర. ఆరు తీగెలూ బిగిస్తే అవి గుంజే బరువు సుమారు 40 కిలోలు. సిమెంటు బస్తాకు పది కిలోలు తక్కువ. ఆ గుంజుడుకు మెడ విల్లులా వంగకుండా లోపల ఉక్కు కడ్డీ దాస్తారు. అది లేతుమిషను దుకాణంలో మరలు కోయించి అమర్చాడు. కాని మెడ మొదలు వచ్చి మొండెంలో కూర్చునే గూడు సరిగ్గా కుదరలేదు. ఒక మూల కాగితం దూరేంత సందు. మూడుసార్లు చెక్కాడు, సందు ఇంకొక మూలకు పోయింది.

మా బావ అప్పటిదాకా ఆ మేడ మెట్లు ఎక్కలేదు. “దీంతోని బువ్వ దొరుకుతదా?” అని ఒకసారి అన్నాడు, అంతే. ఆ సాయంత్రం ఎందుకో పైకి వచ్చి, కాసేపు నిలబడి చూసి, “ఉలి గట్ల పట్టద్దు” అన్నాడు. కిందికి పోయి మస్కటు పెట్టె తెరిచి తన ఉలి తెచ్చాడు. గూటి అడుగున పెన్సిలు బొగ్గు రాసి, మెడను అందులో పెట్టి తీశాడు. బొగ్గు అంటిన చోట మాత్రం వెంట్రుకవాసి చెక్కాడు. మళ్ళీ రాశాడు, మళ్ళీ పెట్టాడు. చీకటి పడింది. మావాడు సెల్లు లైటు పట్టుకొని నిలబడ్డాడు. ఇద్దరి నడుమా గంటసేపు మాటల్లేవు. చివరికి మెడను గూటిలో పెట్టి, గిటారును మెడ పట్టుకొని ఎత్తాడు. మరలు ఒక్కటీ బిగించకుండానే మొండెం దాన్ని అంటిపెట్టుకొని పైకి లేచింది.

మా బావ అక్కడ చేసింది షట్టరింగు పని. కాంక్రీటు పోయడానికి ముందు చెక్కలతో అచ్చు కట్టడం, కాంక్రీటు గట్టిపడ్డాక ఆ చెక్కలు పీకెయ్యడం. మెట్లు దిగుతూ నాతో అన్నాడు: “పద్దెనిమిదేండ్లు కట్టెలు గొట్టిన బామ్మర్దీ, పద్దెనిమిదేండ్లు పీకిన. నేను జేసింది ఒక్కటన్న నిలువలే.”

మరునాడు పొద్దున ఆయనే గిటారును పాత దుప్పటిలో చుట్టి, తాడు కట్టి, బస్సుస్టాండు దాకా మోసుకొచ్చాడు.

సిరిసిల్లకు ఎందుకంటే తీగచుట్ట కోసం. కరెంటు గిటారుకు ప్రాణం అక్కడ ఉన్నది. ఆరు తీగెల కింద ఆరు చిన్న అయస్కాంతాలు. వాటి చుట్టూ రాగితీగ చుట్ట. పైన ఉక్కు తీగె కంపిస్తే కింద అయస్కాంత బలం కదులుతుంది. అది కదిలితే చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. ఊరి కరెంటు చాలావరకు పుట్టేదీ దానితోనే. అయితే ఈ చుట్టలో ఏడు వేల పైచిలుకు చుట్లు ఉండాలి. తీగ వెంట్రుకంత సన్నం. కోరుట్లలో ఫ్యాన్ల మోటార్లు చుట్టే దుకాణంలో ప్రయత్నిస్తే వంద చుట్లు కాకముందే తెగింది. సిరిసిల్లలో సాంచెల మోటార్లు చుట్టే దుకాణం మా కాలేజీలో చదివిన అతను పెట్టుకున్నాడు. అతని దగ్గరికి బయలుదేరాం.

కథలాపూరు, రుద్రంగి, చందుర్తి దాటి వేములవాడ. శివరాత్రి దగ్గరపడుతున్నది, కోడెలను తోలుకుపోతున్నవాళ్ళు దారిలో కనబడ్డారు. ఆ దగ్గరి హనుమాజీపేట సినారె పుట్టిన ఊరు. ఒగ్గుకథ మిద్దె రాములుదీ ఆ ఊరే. ఒకే ఊరికి జ్ఞానపీఠమూ, ఒగ్గుడోలూ! వేములవాడ చాళుక్యుల కొలువులో పంప కవి ఉండేవాడని మావాడికి చెప్పడం మొదలుపెట్టాను. అరికేసరి పేరు వచ్చేసరికి వాడు గిటారు మీద తల ఆనించి నిద్రపోయాడు.

సిరిసిల్లలో బస్సు దిగి రెండు వీధులు లోపలికి పోతే మాట మాటకు వినబడదు. ప్రతి ఇంటి ముందుగదిలోనూ సాంచెలు. ఒకప్పుడు బొంబాయి, భీవండి పోయి మరమగ్గాలు నేర్చుకున్న పద్మశాలీలు ఆ పని ఇక్కడికి తెచ్చారు. చేతిమగ్గాలు వెనకబడ్డాయి. తరవాత సాంచెలకూ గడ్డురోజులు వచ్చాయి; అప్పుల్లో పడి ప్రాణాలు తీసుకున్నవారి వార్తలతో పత్రికలు ఈ ఊరిని ‘ఉరిసిల్ల’ అని రాసిన ఏళ్ళు ఉన్నాయి. 2017లో బతుకమ్మ చీరెల ఆర్డర్లు మొదలై కొన్నేళ్ళు ఊపిరి పోశాయి. ఆర్డరు ఉంటే చప్పుడు, లేకపోతే నిశ్శబ్దం. ఆ ఊరివాళ్ళకు నిశ్శబ్దమంటేనే భయం. ఇంత యంత్రాల మోతలోనూ చేతిపని వాసన పోలేదు. నల్ల పరంధాములుగారు అగ్గిపెట్టెలో పట్టే చీరె నేసింది ఇక్కడే. జి-20 చిహ్నాన్ని చేతిమగ్గం మీద నేసి పంపిన హరిప్రసాద్‌గారిదీ ఈ ఊరే. 2022 నవంబరులో ప్రధాని రేడియోలో ఆయన పేరు చెప్పారు.

మా శిష్యుడి దుకాణంలో చుట్లు లెక్కపెట్టే యంత్రం ఉన్నది. తీగ బిగించి తిప్పాడు. తెగింది. మెల్లగా తిప్పాడు. మళ్ళీ తెగింది. “సార్, మా మోటార్ల తీగ దీని ముందర మోకు లెక్క. ఇది నా చేతికి తెలుస్తలేదు” అన్నాడు. మూడోసారి ఆరువందల చుట్ల దగ్గర తెగేసరికి మావాడి ముఖం చూడలేకపోయాను. తెప్పించిన తీగలో పావు వంతు నేల మీద పడి ఉన్నది.

వెనకగదిలో అతని తల్లి ఉన్నది. అరవై దాటిన మనిషి. భర్త చేతిమగ్గం నేసిన రోజుల్లో కండెలు చుట్టిన రాట్నం ఇంకా మూలకు ఉన్నది. ఆమె వచ్చి, తెగిన తీగ కొసను వేళ్ళ మధ్య నలిపి చూసి, మావాడు చేసిన అట్టచుట్టను తిప్పి చూసింది.

“గిది గుండ్రంగ లేదు బిడ్డా, పలక. తిరిగినప్పుడల్లా గుంజుతది, వదుల్తది. మిషనుకు ఎట్ల ఎరుకైతది? వేలు ఎరుగాలె.”

అయస్కాంతాల ఆరు గుండ్రాలు ఒక వరుసలో ఉంటాయి గనుక చుట్ట పొడుగ్గా, బల్లపరుపుగా ఉంటుంది. తిరిగినప్పుడు ఒక క్షణం లాగుతుంది, ఒక క్షణం సడలుతుంది. ఇంజనీరింగు పుస్తకంలో పేజీ పట్టే సంగతి ఆమె రెండు ముక్కల్లో తేల్చింది.

రాట్నం నడిగదిలోకి వచ్చింది. కదురుకు మైనంతో చుట్టను అతికించారు. మావాడు కదురుకు రంగు చుక్క పెట్టి లెక్కచూశాడు: చక్రం ఒకసారి తిరిగితే కదురు 32 సార్లు తిరుగుతుంది. అంటే 240 చక్రాలు తిప్పితే 7,680 చుట్లు. ఆమె కుడిచేత చక్రం తిప్పుతూ, ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ తీగను ఆనీ ఆననట్టుగా పట్టుకుంది. ఆ రెండు వేళ్ళూ చుట్ట తిరిగినప్పుడల్లా ముందుకు వెనక్కు ఊగుతూనే ఉన్నాయి. తీగ మా కంటికి కనబడదు; వేళ్ళ కదలిక మాత్రమే కనబడుతుంది. ఆమె కూడా తీగను చూడడం లేదు. ఇరవైకొకసారి కొడుకు చిక్కుడుగింజ ఒకటి పక్కన పెట్టాడు. పన్నెండు గింజలు అయ్యాయి. తీగ తెగలేదు.

అమెరికాలో ఫెండరు కార్ఖానాలో అబిగయిల్ ఇబర్రా అనే ఆవిడ 1956లో పనిలో చేరి, ఇలాగే చేతివేళ్ళ మధ్య తీగ పట్టి చుట్టలు చుట్టేది. ఆమె పేరు పొడి అక్షరాలు ఉన్న చుట్టల కోసం ఇవాళ గిటారు వాయించేవాళ్ళు వెతుక్కుంటారు. ఈ సంగతి చెబితే మా శిష్యుడి తల్లి నవ్వి, “ఆమెకు కూలి మంచిగిచ్చిన్రా సారూ?” అని అడిగింది. నాకు తెలియదన్నాను.

మావాడు మీటరు పెట్టాడు. ఆరువేల ఏడువందల ఓములు. కరెంటు ఎక్కడా తెగకుండా మొదటి చుట్టు నుంచి చివరి చుట్టు దాకా పోతున్నది. మైనం కాచి అందులో చుట్టను ముంచి తీశారు. లేకపోతే లోపలి తీగ కదిలి కీచుమంటుందట. గిటారులో పెట్టి, టాంకాలు వేసి, తీగెలు ఎక్కించి, శ్రుతి చేసేసరికి నాలుగు గంటలైంది. వాడకట్టు భజనమండలి మైకుపెట్టె తెచ్చారు.

స్విచ్చి వేయగానే ‘జుయ్యి’మన్నది. తీగె ముట్టుకోలేదు, అయినా పాట! మావాడు మొదట కంగారుపడి, తరవాత నవ్వాడు. ఇలాంటి ఒంటిచుట్ట చుట్టుపట్ల ఉన్న మోటార్ల అలజడిని కూడా పట్టుకుంటుందట. అంటే వాడలోని సాంచెలన్నీ గిటారులో పలుకుతున్నాయన్నమాట. వాడు గిటారును ఎత్తి మెల్లగా అటూ ఇటూ తిరిగాడు. ఉత్తరం వైపు తిరిగితే మోత పెరిగింది, తూర్పుకు తిరిగితే తగ్గింది. తూర్పుముఖంగా కూర్చున్నాడు.

వాడు వాయించింది బతుకమ్మ పాట వరుస. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ కరెంటు మాండలిన్ మీద త్యాగరాజ కీర్తనలు పలికించినప్పుడు మొదట ముక్కు విరిచినవారు ఉన్నారు; తరవాత వారే ముందువరసలో కూర్చున్నారు. 2014లో ఆయన పోయేనాటికి అది కచేరీ వాద్యమే. మావాడు ఆ కోవకు చెందినవాడు కాదు. మామూలుగా వాయిస్తాడు, అంతే. కాని దూలం టేకులోంచి ఆ వరుస గంటలా బయటికి వస్తుంటే గుమ్మం దగ్గర సాంచెలు నడిపే పిల్లలు ఇద్దరు, పక్కింటి ఆడవాళ్ళు నలుగురు చేరారు. ఒకామె చేతులు తట్టబోయి సిగ్గుపడి మానింది. మా శిష్యుడు ఆ కొంచెంసేపూ తన ఫోనులో వీడియో తీసి కోరుట్లకు, మా బావకు పంపాడు.

పాట అయింది. రాట్నం ఆమె మాత్రం తల ఒకపక్కకు వంచి, “నాలుగో తీగె ఒకదగ్గర గరగరమంటుంది బిడ్డా” అన్నది.

మావాడు ఒక్కొక్క మెట్టే నొక్కి మీటుతూ పోయాడు. అయిదో మెట్టు దగ్గర దొరికింది. ఆరో మెట్టు వెంట్రుకవాసి ఎత్తుగా కూర్చున్నది. తీగె దానికి రాసుకుంటున్నది. జేబులోంచి పెన్సిలు తీసి అక్కడ సన్నని గీత పెట్టాడు. ఇంతలో ఫోను మోగింది. మా బావ.

“ఆరో మెట్టు,” అన్నాడు మా బావ. “నాక్కూడ వినవడ్డది. నువ్వు రాయకు, నేనొచ్చి రాస్త. ఏ బస్సుకొస్తున్నరు?”